ఇల్లు అమ్మి చూడు: కొనేవారి కళ్ళతో మన ఇల్లు



"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఈ రెండు పనులలో ఎంత శ్రమ, ఎంత ఖర్చు ఉంటాయో చేసినవారికే తెలుస్తుందని దాని భావం. ఈనాటి పాఠంలో నేను దానికి మూడో మాట చేరుస్తున్నాను: ఇల్లు అమ్మి చూడు. అమ్మకానికి ఇంటిని ఎలా సిద్ధం చేయాలి? ఏది అలంకరణ, ఏది మోసం? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెతుకుదాం. ఇందులో కొంత అర్థశాస్త్రం, కొంత రసాయనశాస్త్రం, కొంత చట్టం ఉన్నాయి. మా ఇంటి కథ కూడా కొంత ఉంది.

అమ్మడానికి వీలులేని ఇల్లు

నేను పెరిగింది భిలాయి సెక్టర్ 6లో. భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందం వల్ల అక్కడ ఉక్కు కర్మాగారం వచ్చింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. కర్మాగారంతో పాటు సెక్టర్లుగా విభజించిన ఊరూ వెలిసింది. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ చేరే రైలుమార్గం అంతకు ముందే ఉంది. ఆ దారినే ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు పని వెతుక్కుంటూ భిలాయి చేరాయి. మా నాన్నగారు కూడా అలా వచ్చినవారే. సెక్టర్ 5లోని బాలాజీ మందిరం చూస్తే అక్కడ మనవారు ఎంతగా వేళ్ళూనుకున్నారో అర్థమవుతుంది.

సెక్టర్ 6లో మేమున్న క్వార్టరు కంపెనీది. ఉద్యోగంతో వస్తుంది, ఉద్యోగంతోనే పోతుంది. ముప్పై ఏళ్ళున్నా, పెరట్లో మామిడి చెట్టు పెంచినా, అది మనది కాదు. 2000ల తొలి సంవత్సరాలలో సెయిల్ సంస్థ తన ఉక్కు పట్టణాలలో కొన్ని ఇళ్ళను దీర్ఘకాలిక లీజుకు ఇచ్చింది. అయితే లీజు వేరు, యాజమాన్యం వేరు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షనులో అమ్మకాన్ని, 105వ సెక్షనులో లీజును వేరువేరుగా నిర్వచించింది. అమ్మకంలో యాజమాన్యం చేతులు మారుతుంది. లీజులో అనుభవించే హక్కు మాత్రమే, అదీ షరతులకు లోబడి లభిస్తుంది. కాబట్టి ఇల్లు అమ్మాలనుకునేవారు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న గోడల రంగు గురించి కాదు. "అమ్మే హక్కు నాకుందా?" అన్నదే మొదటి ప్రశ్న.

చాలామంది ఉద్యోగులలాగే మా నాన్నగారు కూడా టౌన్‌షిప్ బయట ఒక సొసైటీ కాలనీలో చిన్న ఇల్లు కొనుక్కున్నారు. 2003లో రిటైరై, క్వార్టరు తాళం అప్పగించి, ఆ ఇంట్లోకి మారారు. 2009లో విశాఖపట్నంలో మా పిన్నివాళ్ళకు దగ్గరగా ఉండాలనుకుని ఆ ఇల్లు అమ్మకానికి పెట్టారు.

ముస్తాబు అంటే ఏమిటి?

అమ్మకానికి ముందు ఇంటిని తీర్చిదిద్దడాన్ని అమెరికాలో ఒక ప్రత్యేక వృత్తిగా మలిచారు. 1970లలో సియాటిల్ ప్రాంతానికి చెందిన బార్బ్ ష్వార్ట్జ్ అనే మహిళ దీనికి నాటకరంగం నుంచి "స్టేజింగ్" అన్న పేరు తీసుకున్నారు. తెర లేచేసరికి రంగస్థలం సిద్ధంగా ఉన్నట్టే, కొనేవారు గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఇల్లు సిద్ధంగా ఉండాలన్నది అందులోని ఆలోచన.

ఇది మనకు కొత్త కాదు. పెళ్ళిచూపుల నాడు ఇల్లు సర్దడం, సంక్రాంతికి సున్నం వేయడం మనం ఎరిగినవే. భిలాయిలో మేము ఇరుగుపొరుగు హిందీవారిని చూసి దీపావళికి ముందే సున్నాలు వేయించేవాళ్ళం, సంక్రాంతికి మళ్ళీ ముగ్గులు పెట్టేవాళ్ళం.

ముస్తాబులో మొదటి సూత్రం ఖాళీ చేయడం. కొనడానికి వచ్చినవారు చూసేది మన సామాను కాదు, తమ సామాను ఎక్కడ పడుతుందన్నది. మా ఇంట్లో అటక నిండా ఇత్తడి బిందెలు, పాత ట్రంకు పెట్టెలు, ఊరి నుంచి తెచ్చిన ఆవకాయ జాడీలు ఉండేవి. అవి దించేసరికి ఆ గది ఇంత పెద్దదా అని మేమే ఆశ్చర్యపోయాం.

రెండవది వెలుతురు. తెల్లని గోడ తన మీద పడిన వెలుతురులో ఎక్కువ భాగాన్ని తిరిగి గదిలోకి పంపుతుంది, ముదురు రంగు గోడ దాన్ని మింగేస్తుంది. కిటికీకి అడ్డంగా బిగించిన కూలరు తీసేసి అద్దాలు తుడిస్తే గది సగం మారిపోతుంది.

మూడవది మన గుర్తులు తగ్గించడం. గోడల నిండా ఉన్న ఫోటోలు, మేకులు చూసినప్పుడు వచ్చినవారికి ఇది పరాయివారి ఇల్లని అనిపిస్తుంది. మా ఇంట్లో గుమ్మం పక్కన గోడ మీద మనవల ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలు ఉండేవి. సున్నం వేసే కుర్రాడు అక్కడికి వచ్చేసరికి మా అమ్మ "అది చివర వేద్దువుగానిలే నాయనా" అని రెండుసార్లు పంపేసింది. ఇల్లు అమ్మడంలో డబ్బు లెక్కకు అందని భాగం అది. ఆ గీతలను ఒక కాగితం మీదికి ఎత్తి రాసుకున్నాకే సున్నం వేయనిచ్చింది.

ముందు నీరు, తరువాత రంగు

ఇక్కడ కొంచెం రసాయనశాస్త్రం అవసరం. తడిపిన సున్నం అంటే కాల్షియం హైడ్రాక్సైడ్. గోడకు పూసినప్పుడు అది గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మెల్లగా కాల్షియం కార్బొనేటుగా, అంటే సున్నపురాయిగా మారుతుంది. అందుకే పూసిన నాడు పలచగా కనిపించిన సున్నం ఆరిన కొద్దీ తెల్లబడి గట్టిపడుతుంది.

గోడలో చెమ్మ ఉంటే కథ మారుతుంది. ఇటుకలోని సన్నని రంధ్రాల ద్వారా నీరు పాకుతుంది. వత్తి నూనెను పీల్చినట్టే ఇదీ జరుగుతుంది. ఆ నీరు తనలో కరిగిన లవణాలను ఉపరితలానికి మోసుకొస్తుంది. నీరు ఆవిరై పోతుంది, లవణాలు తెల్లని పొడిగా మిగులుతాయి. సున్నం పెచ్చులూడుతుంది. దాని మీద పుట్టీ పెట్టి ఆయిల్ పెయింటు వేస్తే, చెమ్మ బయటికి పోయే దారిలేక లోపలే ఉండి కొన్ని నెలల్లో బుడగలుగా పైకి లేస్తుంది.

చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడానికి మీరు కూడా చేయగల పరీక్ష ఒకటుంది. గోడ మీద జానెడు పాలిథీన్ ముక్క పెట్టి నాలుగు అంచులకూ టేపు అంటించండి. రెండు రోజుల తరువాత చూడండి. గది వైపు తడి ఉంటే అది గదిలోని గాలిలో ఉన్న తేమ. గోడ వైపు తడి ఉంటే చెమ్మ గోడలోనే ఉంది.

మా ఇంటి వెనుక గదిలో తడి గోడ వైపే కనిపించింది. మొదట కూలరు నీళ్ళేమో అనుకున్నాం. డాబా మీద రెండుసార్లు సిమెంటు పూయించాం. ప్రతిసారీ రెండు వానలకే మరక తిరిగి వచ్చేది.

బీరువా ఎక్కడ పెట్టాలి?

ఇంటిని చూడటానికి వచ్చిన ఒక బ్రోకరు తేలికైన మార్గం చెప్పాడు. "పుట్టీ పెట్టి రంగు వేయించండి, బీరువా ఆ గోడకు జరపండి. వానలు రాకముందే అమ్మేయండి." నాకు ఆ సలహా నచ్చింది. అప్పటికి నేను కాలేజీలో అర్థశాస్త్రం చెబుతున్నాను. "అందరూ చేసేదే కదా నాన్నా" అన్నాను.

మా నాన్నగారు పనిచేసింది రైల్ అండ్ స్ట్రక్చరల్ మిల్లులో. దేశంలోని రైళ్ళు నడిచే పట్టాలు అక్కడ తయారవుతాయి. లోపల పగులుందేమోనని ప్రతి పట్టానూ అల్ట్రాసోనిక్ తరంగాలతో పరీక్షిస్తారు. ఆయన ఒక్క మాట అన్నారు: "పగులున్న పట్టాకి రంగేసి పంపిస్తామేట్రా?"

బీరువా ఉన్నచోటే ఉంది. మేలో వచ్చిన మొదటి కుటుంబానికి ఇల్లు బాగా నచ్చింది. నాన్న వాళ్ళను వెనుక గదిలోకి తీసుకెళ్ళి గోడ చూపించారు. వాళ్ళు మళ్ళీ రాలేదు. రెండోవారూ అంతే. అమ్మ దిగులు పడింది. నాకు కోపం వచ్చింది. మూడోవారు జులైలో, వానలో వచ్చారు. ఆయన కూడా కర్మాగారంలో పనిచేసే ఛత్తీస్‌గఢీ ఉద్యోగి. మరక చూసి, తనకు తెలిసిన మేస్త్రీని డాబా ఎక్కించారు. లోపం సిమెంటులో లేదు, వాలులో ఉంది. నీరు గొట్టం వైపు పోకుండా వెనుక గది మీద నిలుస్తోంది. వాలు మళ్ళీ వేయించడానికయ్యే ఖర్చు ధరలోంచి తగ్గించి ఆయన బేరం కుదుర్చుకున్నారు. నవంబరులో రిజిస్ట్రేషన్ జరిగింది.

మేము అనుకున్న దానికంటే తక్కువే వచ్చింది. చాలాకాలం నేను దాన్ని నష్టంగానే లెక్క వేసుకున్నాను.

నిమ్మకాయల సంత

ఆ లెక్క తప్పని నాకు చెప్పింది నేను తరగతిలో బోధించే పాఠమే. 1970లో జార్జ్ ఎకర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త వాడిన కార్ల సంత గురించి ఒక వ్యాసం రాశారు. పైకి బాగుండి లోపల చెడిన కారును అక్కడివారు "నిమ్మకాయ" అంటారు. ఆ సూత్రాన్ని ఇళ్ళకు అన్వయిద్దాం. ఊహకు, ఒక ఊరిలో మంచి ఇల్లు 30 లక్షలు, చెమ్మ పట్టిన ఇల్లు 20 లక్షలు చేస్తాయనుకోండి. అందరూ రంగులు వేసి లోపాలు దాచేస్తే ఏది ఏదో కొనేవాడికి తెలియదు. కాబట్టి మధ్యేమార్గంగా 25 లక్షలే ఇస్తానంటాడు. మంచి ఇల్లున్నవాడు ఆ ధరకు అమ్మడు, వెనక్కి తగ్గుతాడు. సంతలో చెడ్డ ఇళ్ళే మిగులుతాయి. అది గ్రహించిన కొనేవాడు ధర ఇంకా తగ్గిస్తాడు. ఒకరి మోసం వల్ల నిజాయితీపరుడైన పక్కింటివాడు కూడా నష్టపోతాడన్నమాట. ఈ కృషికి ఎకర్లాఫ్‌కు మైకేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లతో కలిపి 2001లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

స్పెన్స్ చెప్పింది దీనికి విరుగుడు. మోసగాడు అనుకరించలేని సంకేతం ఇవ్వాలి. కొత్త రంగు ఎవరైనా వేయగలరు. వానలో ఇంటిని తెరిచి చూపడం అందరివల్లా కాదు. ఇంటి లోపం తానే చెప్పిన మనిషి మిగతా మాటలు కూడా నమ్మదగినవని ఆ మూడో కుటుంబం అనుకుంది. అందుకే మిగతా గదుల గురించి వారు ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

చట్టం మాట

ఇది కేవలం మంచితనం సంగతి కాదు. ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, అమ్మేవారు తమకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని కొనేవారికి చెప్పి తీరాలి. అది కొనేవారికి తెలియనిదీ, మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేనిదీ అయి ఉండాలి. ఆస్తిలో లోపానికే కాక హక్కులో లోపానికి కూడా ఇది వర్తిస్తుంది. అలా చెప్పకపోవడం వంచన అవుతుందని ఆ సెక్షనే అంటుంది. బీరువా చాటున దాచిన మరక ఈ కోవలోకి రావచ్చు.

కాగితాల విషయం కూడా ముస్తాబులో భాగమే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఇంటి అమ్మకపు దస్తావేజు రిజిస్టరు కావాలి. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అగ్రిమెంటు కాగితాల మీద జరిగే "అమ్మకం" యాజమాన్యాన్ని బదిలీ చేయదని 2011లో సుప్రీం కోర్టు సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసింది. కాబట్టి పాత దస్తావేజు, పన్ను రసీదులు, సొసైటీ పత్రాలు, బకాయిలు లేవన్న రుజువులు ఒక ఫైలులో పెట్టి ఉంచడం గోడకు వేసే ఏ రంగుకన్నా విలువైన పని.

సారాంశం

అమ్మకానికి ఇంటిని సిద్ధం చేసేటప్పుడు ఈ వరుస గుర్తుంచుకోండి: ముందు హక్కు, తరువాత నీరు, ఆ తరువాత ఖాళీ స్థలం, వెలుతురు. చిట్టచివరికి రంగు. ఉన్న మంచిని కనబడేలా చేసేది ముస్తాబు. ఉన్న చెడును కనబడకుండా చేసేది మోసం. రెండింటికీ తేడా తెలియనప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి: "మొదటి వానాకాలం గడిచాక కొన్నవారు ఎదురైతే నేను తలెత్తి పలకరించగలనా?"

2024 సెప్టెంబరులో దుర్గ్, విశాఖపట్నం మధ్య వందే భారత్ రైలు మొదలైంది. ఆ తరువాత ఒకసారి నేను భిలాయి వెళ్ళి ఆ కాలనీలో ఆగాను. ఇంటివారు గుర్తుపట్టి లోపలికి పిలిచారు. వెనుక గది గోడ పొడిగా ఉంది. గుమ్మం పక్కన గోడ మీద వాళ్ళ పిల్లల ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలున్నాయి. అక్కడ కూర్చుని టీ తాగుతున్నప్పుడు నాన్న లెక్క నాకు అర్థమైంది.

మీరు చేయండి

1. మీ ఇంట్లో చెమ్మ ఉన్న గోడకు పాలిథీన్ పరీక్ష చేసి, ఫలితాన్ని కారణంతో సహా రాయండి.

2. మీ ఇల్లు సొంతమా, అద్దెదా, లీజుదా, క్వార్టరా? పెద్దలను అడిగి, మీ కుటుంబానికి అందులో ఏ హక్కులున్నాయో తెలుసుకోండి.

3. పాత సైకిలు అమ్మేటప్పుడు దాని లోపాలలో వేటిని మీరు చెప్పి తీరాలి? తరగతిలో చర్చించండి.