గుండె నీరసించిన కుక్కకు రక్తపుపోటు మాత్ర



బొబ్బిలి దరి గ్రామమునుండి యొక రైతు, మామిడితోట కాపలాకు పెంచిన డాబర్‌మన్ కుక్కను నాయొద్దకు దీసికొనివచ్చెను. రాత్రులు దగ్గు, నాలుగడుగులకే ఆయాసము, కడుపున నీరు. పరీక్షింపగా గుండె సాగి పెద్దదై, కండరము పలుచబడి యుండెను. నీరు తీయు మందుతోబాటు ఎనలాప్రిల్ మాత్రలు వ్రాసియిచ్చితిని. పది దినములకు మరల వచ్చి, "ఇయ్యి మాయమ్మ ఏసుకునే బీపీ బిళ్ళలు కావేటి బాబూ? కుక్కకు బీపీ ఏటి?" యనెను. నేను పొరబడితినని తలచి మానివేసెనట. కుక్క మునుపటికన్న రొప్పుచుండెను. తప్పు నాది. ఏల యిచ్చుచున్నానో నేను చెప్పలేదు.

ఆ కుక్కకు రక్తపుపోటు లేదు. బలహీనమైన గుండె చాలినంత రక్తమును తోయలేనపుడు, దేహమున రక్తమే తఱిగినదని మూత్రపిండములు భ్రమించి, రెనిన్ అను పదార్థమును విడుచును. దానివలన యాంజియోటెన్సిన్ పుట్టి, రక్తనాళములను బిగించి, ఉప్పును నీటిని నిలుపును. గాయమై రక్తము పోయినపుడిది ప్రాణరక్షకమే. ఈ వ్యాధిలోనో, సాలూరు ఘాటు ఎక్కలేక నిలిచిన బండిపై మఱియొక బస్తా వేసినట్లగును. ఎనలాప్రిల్ ఆ బస్తాను దింపును. ఎద్దునకు క్రొత్త బలమీయదు. అందుకు పిమోబెండాన్ అను వేఱు మందు కలదు.

ఈ జాతి మందులకు దారి చూపినది పాము విషమన్న నవ్వుదురేమో! బ్రెజిలు దేశపు జరరాకా పాము విషములోని గుణమును ఫెరీరా 1965లో వెల్లడించెను. ఆ దారిని పుట్టిన కాప్టోప్రిల్ 1981లో అమెరికాలో మనుష్యులకు అనుమతింపబడెను. కుక్కలకు ఎనలాప్రిల్ 1994లో వచ్చెను.

అయినను ఇంటిలోని పెద్దల మాత్రను తుంచి కుక్కకు వేయరాదు. మోతాదు బరువునుబట్టి యుండును. మూత్రపిండములు చెడినచో మందే కీడు చేయును. ముందును, మొదలిడిన వారము పది దినములకును, క్రియాటినిన్ పరీక్ష చేయింపవలెను. ఉద్దానము వారికి ఆ మాట నేర్పనక్కఱలేదు గదా! నొప్పి మాత్రలు దీనితో కలుపుట మఱింత ప్రమాదము.

గాలికుంటు సోకిన లేగదూడ హఠాత్తుగా కూలుటయు గుండె కండరము చెడుటవలననే. అచ్చట ఈ మాత్ర పనికిరాదు; మందకు ముందుగా టీకా వేయించుటయే దారి.

ఆ రైతు మరల మాత్రలు మొదలిడెను. కుక్క నిద్రించునపుడు ఊపిరులు లెక్కింపుమంటిని. నిమిషమునకు 30 మించుచున్నచో వెంటనే రమ్మంటిని. లెక్క ఆయన తల్లి చూచెడిది. వ్యాధి నయము కాలేదు. కుక్క ఎనిమిది నెలలు బ్రదికి, ఆ వేసవి కాపునకు తోటలోనే యుండెను.