పాల లెక్క ఏ పెట్టెలో పదిలం?
(కంకిపాడులో పాల సంఘాల సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



మీరు పాలు పోయగానే తూకము, వెన్న శాతము, ఎస్.ఎన్.ఎఫ్., రేటు కంప్యూటరులో పడి చీటీ వస్తున్నది. చీటీ మీ చేతికి వస్తుంది గాని అసలు లెక్క లోపలే ఉంటుంది. ఆ లెక్కను భద్రపరచి, అడిగినప్పుడు తీసి ఇచ్చే భాగాన్ని డేటాబేస్ ఇంజను అంటారు. పెద్ద ఆఫీసులలో ఇది వేరే సర్వరుగా నడుస్తుంది. గ్రామ సంఘాలలో సాధారణంగా ప్రోగ్రాం లోపలే ఇమిడి ఉంటుంది. ప్రోగ్రాం అమ్మవచ్చిన వారిని "ఇందులో ఏ ఇంజను ఉన్నది?" అని సంఘం తప్పక అడగాలని మా మనవి.

వారు ముందుగా వేగం గురించి చెబుతారు. 200 మంది సభ్యులు రెండు పూటలా పాలు పోస్తే ఏడాదికి 1,46,000 పద్దులు. పద్దుకు 100 అక్షరాలు వేసుకున్నా కోటిన్నర అక్షరాలకు మించదు. ఈపాటి లెక్క ఏ ఇంజనుకూ బరువు కాదు. అసలు పరీక్ష పాల వేళ కరెంటు పోయినప్పుడే.

ఒకప్పుడు ఫాక్స్‌ప్రోలో రాసిన ప్రోగ్రాములు చాలా ఆఫీసులలో నడిచాయి. అందులో పద్దులు ఒక ఫైలులో, వాటి సూచిక మరొక ఫైలులో ఉంటాయి. మధ్యలో కరెంటు పోతే రెండింటికీ పొత్తు కుదరదు. సూచిక మళ్లీ కట్టేవరకు ఏ సభ్యుని పద్దు ఎక్కడ ఉన్నదో తెలియదు. 2015తో దానికి తయారీదారుల మద్దతు కూడా ముగిసింది. ఇప్పటికీ అది వాడుతున్న సంఘముంటే మార్చుకోవడమే మేలు.

2000లో అమెరికాలో రిచర్డ్ హిప్ అనే ఆయన యుద్ధనౌకల ప్రోగ్రాంపై పనిచేస్తూ, సర్వరు ఆగితే తన ప్రోగ్రాం కూడా ఆగిపోతున్నదని వేరే సర్వరు అక్కరలేని ఎస్‌క్యూలైట్‌ను తయారుచేశారు. మీ జేబులోని సెల్‌ఫోనులో ఉన్నది కూడా ఇదే. రుసుము లేదు. లెక్క మార్చేముందు పాత పుటను పక్కన రాసి ఉంచుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే, తిరిగి తెరిచినప్పుడు పాత స్థితికి వెళుతుంది. పద్దు పూర్తిగా పడుతుంది, లేదా అసలు పడదు. సగం పద్దు ఉండదు.

అయితే దీనికీ లోపాలున్నాయి. వేగం కోసం కొందరు "సింక్రనస్" అనే ఏర్పాటును ఆపివేస్తారు. అది ఆపితే ఆ రక్షణ పోయినట్లే. అంకె ఉండవలసిన చోట అక్షరం రాసినా ఇది ఊరుకుంటుంది. అందుకే 2021లో "స్ట్రిక్ట్" పట్టికలు తెచ్చారు, అవి వాడమని చెప్పండి. ఒకేసారి ఒక్కరే రాయగలరు. రెండు కంప్యూటర్లలో పాలు తీసుకుంటూ ఒకే ఫైలును తీగ మీద పంచుకోవడం దీనితో క్షేమం కాదు. అటువంటి పెద్ద సంఘానికి ఫైర్‌బర్డ్ నయం. ఈ రోజు ప్రోగ్రాం లోపల ఉంచినా, రేపు అదే ఫైలును సర్వరు కింద నడపవచ్చు. 2019లో వచ్చిన డక్‌డీబీ సాలుసరి మొత్తాలు తీయడంలో దిట్ట. అది యూనియన్ ఆఫీసుకు పనికివస్తుంది గాని, పూటపూటా పద్దు రాయడానికి కాదు.

ఇంకొక విషయం తనిఖీదారులుగా మేము గట్టిగా చెప్పాలి. సిరా పుస్తకంలో అంకె దిద్దితే కంటికి కనిపిస్తుంది. ఫైలులో దిద్దితే కనిపించదు. ఎస్‌క్యూలైట్‌కు వాడుకరుల తాళం లేదు, ఫైలు చేతికందినవారు దానిని మార్చగలరు. కాబట్టి ప్రతి పూట మొత్తం లీటర్లు అచ్చుతీసి, కార్యదర్శి, పాలకవర్గ సభ్యుడొకరు సంతకాలు చేసి ఫైలు చేయండి. సభ్యులు చీటీలు బిల్లు వచ్చేవరకు పారవేయవద్దు.

కొనేముందు ఉత్తుత్తి పద్దులు వేయిస్తూ పదిసార్లు ప్లగ్గు పీకి చూడండి. చీటీ వచ్చిన ప్రతి పద్దూ లోపల ఉన్నదా అని సరిచూడండి. అమ్మేవారు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. నకలు మాత్రం సాయంత్రం పాలు ముగిసి, ప్రోగ్రాం మూసిన తరువాతే తీయాలి. నడుస్తున్న ఫైలును ఊరికే కాపీ చేస్తే అది చెడిన నకలు కావచ్చు. ఆ నకలును కార్యదర్శి ఇంట గాక, అధ్యక్షులవారి వద్ద ఉంచండి.