పంజరంలోని తల్లికుక్క

సమస్త ప్రశంసలు అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబంపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక.

ధర్మసోదరులారా! కుక్క పేరెత్తగానే మనలో చాలామందికి వుజూ గుర్తుకు వస్తుంది. దాని లాలాజలం అపవిత్రమే. వస్త్రానికి అంటితే కడుక్కోవాలి. అంతమాత్రాన దానిపై దయ చూపనవసరం లేదని ఏ ధర్మశాస్త్ర పండితుడూ చెప్పలేదు.

హిజ్రీ 8వ సంవత్సరం రమజాన్ మాసంలో దైవప్రవక్త (స) సుమారు పదివేల మంది సైన్యంతో మక్కాకు బయలుదేరారు. అర్జ్ అనే చోటు దాటిన పిదప దారిలో ఒక తల్లికుక్క పిల్లలకు పాలిస్తూ కనిపించింది. సైన్యం వల్ల తల్లికీ పిల్లలకూ బాధ కలుగరాదని జుఐల్ బిన్ సురాఖా (రజి) అనే సహచరుణ్ణి అక్కడ కాపలా నిలిపారని చరిత్రకారుడు వాఖిదీ నమోదు చేశారు. మక్కా విజయానికి సాగుతున్న సైన్యం నుండి ఒక మనిషిని, కేవలం ఒక కుక్క కోసం!

ఇక మన కాలపు వ్యాపారాన్ని చూడండి. నగరాలలో లాబ్రడార్, పగ్, షిట్జూ పిల్లలకు గిరాకీ పెరిగింది. అది తీర్చడానికి కొందరు తల్లికుక్కలను ఇనుప బోనులలో బంధించి, విరామం లేకుండా ఈనిస్తున్నారు. పాలు మరువకముందే పిల్లలను అమ్ముతున్నారు. ఇక ఈనలేదని తేలిన తల్లిని ఊరి బయట విడిచిపోతున్నారు. 2017లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నియమాల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కానివారు ఈ వ్యాపారం చేయరాదు. 8 వారాలు నిండని పిల్లను అమ్మరాదు. నియమాలు వచ్చినా బోనులు పోలేదు.

మంద కాపలాకు, పొలానికి, వేటకు కుక్కను ఉంచుకోవడానికి షరీఅత్ అనుమతించింది. మన పాములపాడు గొర్రెల కాపరులకు ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. కుక్క వెలను నిషేధించిన హదీసు ఉన్నా, ఉపయోగపడే కుక్క విక్రయాన్ని హనఫీ పండితులు అనుమతించారు. ఆ అనుమతిని చూపి బోనుల వ్యాపారం హలాల్ అనేవారితో నేను ఏకీభవించను. వారు అనుమతించినది అమ్మకాన్నే, హింసను కాదు.

“ఇంట్లో ఉంచకూడదు కదా, ఎలా కాపాడాలి?” అని కొందరు అడుగుతారు. దాహంతో మట్టి నాకుతున్న కుక్క కోసం బావిలోకి దిగి, తోలు మేజోడులో నీరు తెచ్చిన మనిషి దానిని ఇంటికి తీసుకుపోలేదు. అయినా అల్లాహ్ అతన్ని క్షమించాడు.

బోనులో పెరిగిన కుక్క మట్టినేలపై అడుగు వేయడానికే జంకుతుంది. చేయి చాస్తే మూలకు ఒదుగుతుంది. దానిని తరమకండి. రోజూ ఒకే వేళకు, ఒకే చోట అన్నం, నీరు పెట్టి దూరంగా నిలబడండి. దగ్గరకు రావడానికి వారాలు పట్టవచ్చు. పశువైద్యునికి చూపించి రేబిస్ టీకా వేయించండి. మళ్లీ ఏ వ్యాపారి చేతికీ చిక్కకుండా పిల్లలు పుట్టని శస్త్రచికిత్స కూడా చేయించండి; ప్రయోజనం ఉన్నప్పుడు జంతువులకు అది హనఫీ మతంలో సమ్మతమే. ఒకవేళ కరిస్తే గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లండి. పసుపు, కారం అద్దకండి.

మస్జిద్ ప్రహరీ బయట రేపటి నుండి ఒక నీళ్ల తొట్టి ఉంటుంది. దానిని నింపే వంతులు నమాజు తరువాత వ్రాసుకుందాం. యువకులు కొద్దిసేపు ఆగండి.