హామ్ రేడియో ఇంట్లో ఐ.పి. చిరునామాల పంపకం

హామ్ రేడియో అనగానే మైకు పట్టుకొని దూరదేశపు మిత్రుడితో మాట్లాడటమే మనకు గుర్తుకొస్తుంది. లైసెన్సు పొందిన హామ్‌లు కంప్యూటర్ డేటాను కూడా రేడియో తరంగాల మీద పంపుకుంటారు. ఆ కంప్యూటర్లకూ చిరునామాలు కావాలి.

1981లో హాంక్ మాగ్నస్కీ అనే అమెరికా హామ్ కోరగా, 44తో మొదలయ్యే చిరునామాలన్నీ ప్రపంచంలోని హామ్‌ల కోసం కేటాయించారు. అవి 1,67,77,216. ఇంటర్నెట్ పసిబిడ్డగా ఉన్న రోజులు కాబట్టి అంత పెద్ద వాటా దక్కింది! 2019లో వీటిని నిర్వహించే సంస్థ 44.192 నుంచి 44.255 దాకా ఉన్న నాలుగో వంతును అమెజాన్‌కు అమ్మింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఒక హామ్ ఇంటికి స్లాష్ 29 సబ్‌నెట్ వచ్చిందనుకుందాం. ఐ.పి. చిరునామాలో 32 బిట్లు ఉంటాయి. మొదటి 29 మారవు. మిగిలిన 3 బిట్లతో 8 చిరునామాలు. చివరి అంకె 0 నెట్‌వర్క్ పేరుకు, 7 అందరినీ ఒకేసారి పిలవడానికి పోతాయి. రూటర్‌కు 1, రేడియో మోడెమ్‌కు 2, సందేశాలు దాచే కంప్యూటర్‌కు 3 ఇస్తే, మరో మూడు మిగులుతాయి.

మరి అమ్మ ఫోను, తమ్ముడి లాప్‌టాప్ సంగతేమిటి? వాటిని ఈ సబ్‌నెట్‌లో చేర్చకూడదు. 192.168తో మొదలయ్యే ప్రైవేటు చిరునామాల్లోనే ఉంచాలి. కారణం లెక్కలది కాదు, చట్టానిది. హామ్ బ్యాండ్ల మీద అర్థం దాచిన సందేశాలు, వ్యాపార సందేశాలు పంపరాదు. అమ్మ ఫోనులో బ్యాంకు పని చేసుకుంటే ఆ సమాచారమంతా ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళుతుంది. రెండు నెట్‌వర్కులనూ కలిపేస్తే అది యాంటెన్నా గుండా గాలిలోకి పోవచ్చు. జవాబు చెప్పుకోవలసింది లైసెన్సుదారే.

రూటర్‌లో దారులు రాసేటప్పుడూ జాగ్రత్త అవసరం. పాత పుస్తకాలు చూసి "44 అంటే రేడియో వైపు" అని ఒక్క వరుసలో రాసేవారు ఇప్పటికీ ఉన్నారు. 2019 తర్వాత అది తప్పు. అమెజాన్ సర్వర్ల మీద నడిచే ఏదో వెబ్‌సైటు కోసం బయలుదేరిన సమాచారం కూడా రేడియో వైపు మళ్ళుతుంది. 44.0 నుంచి 44.127 వరకు ఒక వరుస, 44.128 నుంచి 44.191 వరకు ఇంకో వరుస రాయాలి. మిగతాదంతా మామూలు ఇంటర్నెట్ కనెక్షన్‌కే.

ఇప్పుడొక లెక్క. ఒక క్లబ్బుకు 0 నుంచి 15 వరకు 16 చిరునామాలున్నాయి. ఒక ఇంటికి రూటర్‌తో కలిపి ఆరు, మరో రెండిళ్ళకు రూటర్‌తో కలిపి రెండేసి కావాలి. ఎలా పంచుతారు? పెద్ద ఇంటికి 0 నుంచి 7, రెండో ఇంటికి 8 నుంచి 11, మూడో ఇంటికి 12 నుంచి 15. పెద్ద ఇంటి వాటాను 4 దగ్గర మొదలుపెట్టలేం. ఎనిమిదేసి చిరునామాల సబ్‌నెట్ ఎప్పుడూ 8 గుణిజం దగ్గరే మొదలవ్వాలి. ఎందుకో బైనరీలో రాసి చూడండి.