కాదనుట వేరు, పలుకకుండుట వేరు

(మంగళగిరి గ్రంథాలయమున ఒక న్యాయవాది గావించిన ఉపన్యాసము)



మన కొండమీది పానకాలస్వామి భక్తుడు సమర్పించిన పానకమున సగము గ్రహించి సగము ప్రసాదముగ మరల నిచ్చునని పెద్దలు చెప్పుదురు. సమర్పించినవానికి తనకు మిగిలినదేదో అప్పుడే తెలియును. నేడు రెండు పెద్ద సాంకేతిక సంస్థలు ఏకము కాదలచి రాజ్యముల యెదుట అర్జీ పెట్టుకొన్నచో ఈ మర్యాద కానరాదు. పానకము పుచ్చుకొనరు, త్రోసివేయరు, బిందె పట్టుకొని నిలువుమందురు. ఈ మౌనమును గూర్చియే నా మనవి.

రెండు కంపెనీలు కలిసినచో సంతలో పోటీ నశించునేమోయని విచారించుటకు పెక్కు రాజ్యములు శాసనములు చేసికొన్నవి. మనకు 2002 నాటి పోటీ చట్టము కలదు. చైనాలో 2008లో అట్టి చట్టమే అమలునకు వచ్చెను. కంపెనీ ఏ దేశపుదైనను, తమ సంతలో తగినంత సరుకు అమ్ముచున్నచో తమ అనుమతి కావలెనని ఇవి విధించును. కావుననే అమెరికాలో కుదిరిన సంబంధమునకు బీజింగులో ముహూర్తము పెట్టించుకొనవలసి వచ్చుచున్నది.

2016 అక్టోబరులో అమెరికా సంస్థయగు క్వాల్‌కామ్, హాలెండు దేశపు చిప్పుల సంస్థయగు ఎన్‌ఎక్స్‌పీని కొన నిశ్చయించెను. అనుమతి నీయవలసిన తొమ్మిది అధికార సంస్థలలో ఎనిమిది అంగీకరించినవి. మిగిలినది చైనా. ఇంతలో 2018లో అమెరికా చైనాల నడుమ సుంకముల పోరు రగిలెను. చైనా కాదనలేదు, గడువు తీరువరకు ఔననలేదు. ఆ జూలైలో 4,400 కోట్ల డాలర్ల బేరము విరిగెను. క్వాల్‌కామ్ 200 కోట్ల డాలర్లు పరిహారముగ చెల్లించెను.

2024 జనవరిలో సినాప్సిస్ సంస్థ ఆన్సిస్‌ను 3,500 కోట్ల డాలర్లకు కొన నిశ్చయించెను. యూరపు, అమెరికా షరతులతో సమ్మతించిన పిదపను చైనా అనుమతి రాలేదు. 2025 మే నెలలో అమెరికా, చిప్పుల నమూనాలు గీయు సాఫ్ట్‌వేరును చైనాకు అమ్మరాదని కట్టడి చేసెను. జూలై మొదట ఆ కట్టడి తొలగెను. రెండు వారములు దాటకమునుపే చైనా అనుమతి వచ్చెను. అధికారులు కారణము చెప్పకున్నను తేదీలు చెప్పుచున్నవి.

ఇవి పరాయి ఇంటి తగవులనుకొనకుడు. ఈ క్వాల్‌కామ్‌కు హైదరాబాదులో పెద్ద శాఖ కలదు. జైలింక్స్ సంస్థకును అచ్చట శాఖ యుండెను. ఆ జైలింక్స్‌ను ఏఎండీ కొనుటకు 2020 అక్టోబరులో ఒడంబడిక జరిగెను. యూరపు 2021 జూన్‌లో సమ్మతించెను. చైనా సమ్మతి 2022 జనవరిలో గాని రాలేదు. అనుమతి రానంతకాలము రెండు సంస్థలును వేరువేరుగనే నడువవలెనని చట్టము. ఏ విభాగము నిలుచునో, ఏది పోవునో తెలియక గుంటూరు, కృష్ణా మండలముల బిడ్డలు అట్టి కొలువులలో నిరీక్షింపవలసినదే.

చైనాను నిందించి ఊరకుండుట సులభము. మన ఇంటి సంగతియు చూచుకొందము. హైదరాబాదునందలి గ్లాండ్ ఫార్మాలో 86 శాతము వాటా కొనుటకు చైనాకు చెందిన ఫోసన్ సంస్థ 2016 జూలైలో ఒడంబడిక చేసికొనెను. మన కేంద్ర మంత్రివర్గ సంఘపు అనుమతి కావలెను. నెలలు గడచినవి. 2017 జూన్ మొదలు ఆగస్టు వరకు డోక్లాములో ఇరుసేనలు ఎదురెదురుగ నిలిచెను. తుదకు ఫోసన్ తన వాటాను 74 శాతమునకు తగ్గించుకొని, ఆ అనుమతి అవసరములేని త్రోవను అక్టోబరులో బేరము ముగించుకొనెను. 2020 ఏప్రిలులో మన ప్రభుత్వము, భూసరిహద్దు గల దేశముల పెట్టుబడులకెల్ల ముందుగ ప్రభుత్వానుమతి కావలెనని ప్రకటించెను. ఇన్ని దినములలో తేల్చవలెనను మాట ఆ ప్రకటనలో లేదు.

సరిహద్దున సైనికులు నెత్తురోడ్చుచుండగా శత్రువునకు గడువులు, కారణములు చెప్పవలెనా యని మీరడుగవచ్చును. దేశరక్షణకై కాదనుటకు రాజ్యమునకు సంపూర్ణాధికారము కలదు. నేను దానిని కాదనను. కాని కాదనుట తీర్పు. పలుకకుండుట తీర్పు కాదు. కోర్టులో వాయిదా వేసిన న్యాయాధిపతి సైతము మరల ఎప్పుడు రావలెనో తేదీ చెప్పును. 2023 ఏప్రిలులో ఒక మలయాళ టెలివిజను చానలు వ్యాజ్యమున మన సుప్రీముకోర్టు, దేశభద్రతయని పేరు చెప్పినంతమాత్రమున సహజన్యాయము తొలగిపోదని తేల్చెను. రహస్యములు బయటపెట్టుమని ఎవరును కోరరు. ఫలితమును, దాని సారాంశమగు కారణమును చెప్పిన చాలును.

మన పోటీ చట్టమున మేలైన మాదిరి యున్నది. 2023 నాటి సవరణచే 210 దినముల గడువు 150 దినములాయెను. ఆలోగ తేల్చనిచో అనుమతించినట్లే. చైనా చట్టమునను 180 దినముల గడువు కలదు. కాని 2022 సవరణచే అధికారి ఆ గడియారమును ఆపివేయవచ్చును. ఈ రెండు త్రోవలలో మనది ఏదియో నిర్ణయించుకొనవలెను. బీజింగు మౌనమును అన్యాయమని నిందించు నోటితో ఢిల్లీ మౌనమును రాజనీతియని పొగడుట న్యాయవాదికి తగదు, స్వాతంత్ర్యము కోరి సాధించుకొన్న జాతికి అంతకన్న తగదు.

కావున పెట్టుబడి అనుమతులన్నిటికిని గడువును, కారణమును శాసనముచే విధింపవలెనని మన ప్రతినిధులను అడుగుడు. కాదన్నవాడు మరియొక త్రోవ చూచుకొనును. జవాబు రానివాని ధనము, కాలము, కొలువు నిలువునీరై యుండును. ఈ మాట మీ ఆలోచనకు విడిచి, సెలవు తీసికొనుచున్నాను.