గ్యారంటీకి గడువుంది, హక్కుకు లేదు

(పొరుగు రాష్ట్రాల తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో సాధారణంగా బడి గురించి, పాఠ్యపుస్తకాల గురించి, ఉపాధ్యాయుల నియామకాల గురించి మాట్లాడుకుంటాం. ఈరోజు నేను ఫ్రిజ్ గురించి, నీళ్ల మోటారు గురించి, కుట్టుమిషను గురించి మాట్లాడబోతున్నాను. భాషాహక్కుల వేదిక మీద ఇదేమి ప్రసంగమని కొందరికి అనిపించవచ్చు. చదవరాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం చేసి, తరువాత డబ్బు పోగొట్టుకొన్న కుటుంబాలకు ఈ సంబంధం నేను వివరించనక్కరలేదు.

కొన్న వస్తువు చెడిపోయి దుకాణానికి వెళితే తరచుగా వినబడే మాట ఒకటుంది. "గ్యారంటీ అయిపోయిందండీ, ఇక మేమేమీ చేయలేం." మనం తల వంచుకొని తిరిగి వస్తాం. ఆ మాటలో సగమే నిజం ఉంది. గ్యారంటీ గడువనేది, ఉచితంగా బాగుచేసి ఇస్తానని తయారీదారు తనంతట తాను ఇచ్చిన మాటకు గడువు. చట్టం మనకిచ్చిన హక్కుకు అది గడువు కాదు. హక్కు వినియోగించుకోవడానికి చట్టం వేరే కాలపరిమితి పెట్టింది. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్ల లాభపడేది వ్యాపారి, నష్టపోయేది మనం.

1930 నాటి సరుకుల విక్రయ చట్టంలోని 16వ సెక్షన్ చూడండి. ఆ రకపు సరుకు అమ్మే వ్యాపారి దగ్గర కొన్న వస్తువు అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలని, ఏ పనికోసం కొంటున్నామో తెలిపి అతని నేర్పును నమ్మి కొంటే ఆ పనికి తగినదై ఉండాలని అది చెబుతుంది. ఇది కార్డు మీద రాయని హామీ. కార్డు మీద రాసిన హామీ దీనికి విరుద్ధంగా ఉంటే తప్ప దీనిని రద్దు చేయదని కూడా అదే సెక్షన్ చెబుతుంది. అయితే 62వ సెక్షన్ కింద, స్పష్టమైన ఒప్పందం ద్వారా ఇలాంటి రాయని హామీలను తొలగించుకొనే వీలుంది. అందుచేత కార్డు వెనుక చిన్న అక్షరాలలో ఏముందో కొన్నరోజే ఎవరిచేతనైనా చదివించుకోవాలి.

2020 జులై 20 నుండి అమలులో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కూడా "లోపం" అన్న మాటను గ్యారంటీకి కట్టివేయలేదు. చట్టం ప్రకారం గాని, రాసిన లేదా రాయని ఒప్పందం ప్రకారం గాని, వ్యాపారి చెప్పినదాని ప్రకారం గాని ఉండవలసిన నాణ్యత లేకపోతే అది లోపమే.

అలాగని గడువు దాటాక చెడిన ప్రతి వస్తువుకూ పరిహారం వస్తుందని నేను చెప్పను. ఎనిమిదేళ్లు వాడిన మిక్సీ అరిగిపోతే అది వాడకం వల్ల వచ్చిన అరుగుదల. మీ కేసు నిలుస్తుందో లేదో తేల్చుకోవడానికి మూడు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది, లోపం గడువులోపే తలెత్తిందా? తలెత్తి, మనం ఫిర్యాదు చేసి, వారు సరిగా బాగుచేయకపోతే, తరువాత గడువు తీరిపోయిందన్న వాదన బలహీనమవుతుంది.

రెండవది, లోపం తయారీలోనే ఉందా? కొన్ని లోపాలు వెంటనే బయటపడవు. పదమూడో నెలలో బయటపడినంత మాత్రాన అది పదమూడో నెలలో పుట్టిన లోపం కాదు. అయితే దీనిని రుజువు చేయవలసిన భారం మన మీదే ఉంటుంది. వస్తువును పరీక్షిస్తే తప్ప లోపం తేలదనుకుంటే, దానిని ప్రయోగశాలకు పంపే అధికారం 38వ సెక్షన్ కింద జిల్లా కమిషన్‌కు ఉంది. పరీక్ష రుసుము ముందుగా మనల్ని కట్టమనవచ్చు.

మూడవది, డబ్బు తీసుకొని చేసిన మరమ్మతు సరిగా ఉందా? గడువు తీరాక మనం రుసుము చెల్లించి బాగుచేయించుకొంటే, అది కొత్తగా కొనుక్కొన్న సేవ. అది నిలవకపోతే సేవాలోపం కింద అడగవచ్చు. దానికి పాత గ్యారంటీతో నిమిత్తం లేదు.

ఇక లోపమున్న వస్తువు పేలి మనిషి గాయపడినా, ఇల్లు కాలినా అది మరొక అధ్యాయం. ఉత్పత్తి బాధ్యత అనే పేరుతో 82 నుండి 87 వరకు ఉన్న సెక్షన్లు దానికి వర్తిస్తాయి.

నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం సంగతి చెబుతాను. వారు కొన్న ఫ్రిజ్ పదో నెలలో చల్లబడడం మానేసింది. మెకానిక్ వచ్చి ఏదో సరిచేసి, ఆంగ్లంలో ఉన్న జాబ్ షీటు మీద ఆ ఇంటి అమ్మగారి చేత సంతకం చేయించుకొన్నాడు. పద్నాలుగో నెలలో అదే ఫ్రిజ్ పూర్తిగా ఆగిపోయింది. గడువు తీరిందని, పెద్ద మొత్తం కట్టాలని సర్వీసు సెంటరువారు చెప్పారు. ఆ జాబ్ షీటు చదివి చూస్తే "లోపం పూర్తిగా సరిచేయబడింది, వినియోగదారు సంతృప్తి చెందారు" అని ఉంది. ఆమెకు తెలుగు చదవడం వచ్చు. తాను సంతృప్తి చెందానని రాసి ఉన్నట్టు ఆమెకు తెలియదు. అయితే అదే కాగితం మీద పదో నెల తేదీ, ఫిర్యాదు సంఖ్య కూడా ఉన్నాయి. లోపం గడువులోనే మొదలైందనడానికి అదే సాక్ష్యమైంది. నోటీసు ఇచ్చిన తరువాత సంస్థ డబ్బు తీసుకోకుండా బాగుచేసి ఇచ్చింది. ఆమె ఆ కాగితాన్ని దాచకపోయి ఉంటే నేను చేయగలిగింది చాలా తక్కువ.

ఇప్పుడు మన సరిహద్దు కుటుంబాలకు ముఖ్యమైన విషయం. ఫిర్యాదు ఎక్కడ వేయాలి? పాత 1986 చట్టంలో అవతలి పక్షం ఉన్నచోట గాని, వివాద కారణం ఏర్పడినచోట గాని వేయవలసి ఉండేది. 2019 చట్టం 34వ సెక్షన్ వీటికి తోడు, ఫిర్యాదుదారు నివసించే చోట లేదా పనిచేసుకొనే చోట కూడా వేయవచ్చునంటుంది. కాబట్టి హైదరాబాదులో కొన్న వస్తువుకు బళ్ళారివారు బళ్ళారిలోనే ఫిర్యాదు చేయవచ్చు. అదే విధంగా, యానాం పుదుచ్చేరి పాలనలో ఉన్నా, కాకినాడ దుకాణంలో కొన్న వస్తువుకు యానాంవారు కాకినాడ కమిషన్‌కు వెళ్లవచ్చు. పావగడవారు హిందూపురంలో కొంటే ఇటు కర్ణాటకలోనూ అటు ఆంధ్రప్రదేశ్‌లోనూ వారికి దారి ఉంది. మన మాట అర్థం చేసుకొనే చోటును ఎంచుకొనే అవకాశం చట్టమే ఇస్తున్నప్పుడు దానిని వదులుకోకండి.

వస్తువుకు చెల్లించిన ధర 50 లక్షల రూపాయలు దాటనంతవరకు జిల్లా కమిషన్ విచారిస్తుంది. 5 లక్షల రూపాయల వరకు ఫిర్యాదు రుసుమే లేదు. న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు. జీవనోపాధికోసం స్వయంగా వాడుకొనే కుట్టుమిషను, పిండిమర వంటివి కొన్నవారు కూడా వినియోగదారులే. రైతు కూడా వినియోగదారేనని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల విత్తనాల కేసులో సుప్రీంకోర్టు 2012లో స్పష్టం చేసింది.

కాలపరిమితి మాత్రం మరువకండి. 69వ సెక్షన్ ప్రకారం వివాద కారణం ఏర్పడిన నాటి నుండి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, దానిని నమ్ముకోవద్దు. లోపం మొదట కనిపించిన రోజు నుండే లెక్కపెట్టుకోవడం క్షేమం. "వచ్చే వారం పంపిస్తాం" అని సంస్థవారు ఫోనులో చెబుతూ పోయినంత మాత్రాన ఈ గడువు ఆగదు.

మరి భాష మాట? రాజ్యాంగం 350వ అధికరణం, తన బాధ నివారణకోసం కేంద్ర, రాష్ట్ర అధికారులకు ఆయా చోట్ల వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం ఇచ్చే హక్కు ప్రతి ఒక్కరికీ ఇచ్చింది. కమిషన్‌లో విచారణ జరిగే భాష వేరే సంగతి, దానికి అక్కడి నియమాలు పాటించాలి. కాని పౌరసరఫరాల అధికారికి, తూనికలు కొలతల అధికారికి మీరు తెలుగులో అర్జీ రాయవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మీరు ఒడిశాలో ఉన్నా, మహారాష్ట్రలో ఉన్నా ఆ వీలుంది.

ఇంకా సాధించవలసింది ఉంది. పొట్లాలలో అమ్మే సరుకుల మీద వివరాలు హిందీలో గాని ఆంగ్లంలో గాని ఉంటే చాలునని 2011 నాటి నియమాలు చెబుతున్నాయి. మిగిలిన భాషలు వ్యాపారి ఇష్టం. వస్తువు నాణ్యత, ప్రమాణం, ధర తెలుసుకోవడం వినియోగదారు హక్కని చట్టం చెబుతున్నది. చదవలేని భాషలో ఇచ్చిన సమాచారంతో ఆ హక్కు నెరవేరినట్టేనా? గ్యారంటీ కార్డు, జాబ్ షీటు కొనేవారి భాషలో ఉండాలని మన సంఘాలు అడగాలి.

అంతవరకు మన ఇంట మనం చేయవలసినవి నాలుగు. బిల్లు లేకుండా కొనకండి. ప్రతి ఫిర్యాదుకూ సంఖ్య, తేదీ రాసిపెట్టుకోండి. మార్చిన పాత భాగాన్ని అడిగి తీసుకోండి. చదివించుకోకుండా సంతకం చేయకండి. మెకానిక్ తొందరపెడితే, "విషయం నాకు చదివి వినిపించలేదు" అని సంతకం పక్కన తెలుగులోనే రాయండి. ఆ ఒక్క వాక్యం రేపు మీ పక్షాన మాట్లాడుతుంది.