ఇంటి దీపాలకు హిసాబు



కరెంటు బిల్లు వచ్చిన రోజు ప్రతి ఇంట్లో ఒక పంచాయితీ జరుగుతుంది. "దీపాలు ఆర్పేది లేదు మీరు" అని పెద్దలంటారు. "రాత్రంతా వరండాలో లైటు ఎవరు వేశారు?" అని పిల్లలంటారు. గోడ మీది మీటరు మొత్తం చెబుతుంది గాని, ఏ గదిలో ఎంత ఖర్చయిందో చెప్పదు.

తెలంగాణలో 2024లో గృహజ్యోతి పథకం మొదలయ్యాక ఈ లెక్కకు విలువ పెరిగింది. అర్హత గల కుటుంబానికి నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. అది దాటితే మొత్తం బిల్లు కట్టవలసిందే. అంటే రోజుకు సుమారు 6.6 యూనిట్లు. ఈ సంగతి నెలాఖరున తెలిస్తే ఏం లాభం?

అందుకే మేము పిల్లలతో కలిసి ఒక పెట్టె తయారు చేశాము. దాని మెదడు మైక్రోకంట్రోలర్, అంటే ఒకే చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటరు. ఆర్డ్యుయినో ఊనో అనే బోర్డు తీసుకున్నాము. గదిలో వెలుతురు చాలినంత ఉన్నదా అని ఒక సెన్సారు చూస్తుంది. మనిషి కదలిక ఉన్నదా అని మరొకటి చూస్తుంది. అవసరం లేకుంటే రిలే దీపాన్ని ఆర్పుతుంది.

ఆర్పడం తేలిక, కొలవడమే కష్టం. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు 230 వోల్టుల మీద తీసుకునే కరెంటు చాలా స్వల్పం, సుమారు 40 మిల్లీ ఆంపియర్లు. చవక సెన్సారుకు అది సరిగా అందదు. పైగా కరెంటు ఒక్కటే కొలిస్తే చాలదు. వోల్టేజిని, కరెంటును ఒకే క్షణంలో కొలిచి గుణిస్తూ పోతేనే అసలు వాట్లు తేలుతాయి. ఈ పని చేసే ఎనర్జీ మీటర్ మాడ్యూలు బజారులో తయారుగా దొరుకుతుంది. దాన్నే అమర్చాము.

ఇక హిసాబు చూడండి. పాత 60 వాట్ల బల్బు రోజుకు 10 గంటలు వెలిగితే నెలకు 18 యూనిట్లు. 9 వాట్ల ఎల్.ఇ.డి. అయితే 2.7 యూనిట్లే. మరి మన పెట్టె తినేదో? 1 వాటు చొప్పున 24 గంటలు పనిచేస్తే నెలకు 0.72 యూనిట్. ఒక్క ఎల్.ఇ.డి. బల్బును కాపలా కాయడానికి దీన్ని పెడితే మిగిలేది దాదాపు ఏమీ లేదు. కనుక ముందు బల్బు మార్చాలి, తరువాతే పెట్టె. దాని అసలు ఉపయోగం ఇంటి మొత్తం లైను మీద పెట్టి, ఆనాటి లెక్క ఆనాడే చూపించడం.

ఉర్దూలో బర్ఖీ రౌ అన్నా, తెలుగులో విద్యుత్ ప్రవాహం అన్నా, ఇంట్లో కరెంటు అన్నా లెక్క ఒకటే. మీడియం ఏదైనా పిల్లలు ఈ పని నేర్వగలరు. ఒక్క షరతు: పిల్లల చేతులు 5 వోల్టుల వైపే ఉండాలి. 230 వోల్టుల వైరింగు తెలిసిన ఎలక్ట్రీషియనే చేయాలి, ఫ్యూజు, ఎర్తింగు తప్పనిసరి.

పెట్టె వచ్చేదాకా ఆగనక్కర లేదు. ఈ రోజు నుంచే రోజూ ఒకే వేళకు మీటరు రీడింగు నోటుబుక్కులో రాయించండి. పిల్లలకు తీసివేత వస్తుంది, ఇంట్లో తగవు తగ్గుతుంది. ఆ నోటుబుక్కు అలవాటైన ఇంటికే మా పెట్టె నిజంగా పనికివస్తుందని మనవి.